వేగానికి ముందు రెండో కాపీకి డబ్బు పెట్టండి

ప్రశ్న: రాజమహేంద్రవరంలో పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు తీస్తాం. మేడ మీది గదిలోనే ఎడిటింగ్. నేనూ మా తమ్ముడూ కాక, నెలకు 18,000 జీతానికి ఒక ఎడిటర్ ఉన్నాడు. ఫుటేజీ అంతా నాలుగు 8 టీబీ హార్డ్ డిస్కులున్న నాస్‌లో (నెట్‌వర్క్ మీద అందరం వాడుకునే డిస్కుల పెట్టె) ఉంటుంది. కొని ఐదేళ్లయింది. రెయిడ్ 5 పెట్టాం కాబట్టి బ్యాకప్ టెన్షన్ లేదు. ఒక్కో పెళ్లికి దాదాపు 500 జీబీ వస్తోంది, రోజుకు రెండు గంటలు కాపీలకే పోతున్నాయి. నాలుగు 4 టీబీ ఎస్ఎస్‌డీలకు (హార్డ్ డిస్కు కంటే వేగమైన చిప్ డిస్కులు) 1,45,000, 10 గిగాబిట్ స్విచ్, కార్డులు, కేబుల్‌కు 75,000, బిగింపుకు 20,000, మొత్తం 2,40,000 అని కొటేషన్ ఇచ్చారు. క్రెడిట్ కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ దొరుకుతుంది. నాస్‌కు 2.5 గిగాబిట్ పోర్టు ఉంది గానీ, మా స్విచ్ ఒక గిగాబిట్‌దే. బ్యాంకులో 3 లక్షలున్నాయి, ఇంటికీ స్టూడియోకూ కలిపి నెలకు 80,000 ఖర్చు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. తీసుకోమంటారా?

జవాబు: ఈ కొటేషన్‌ను ఇప్పుడు ఈఎంఐ మీద తీసుకోవద్దు. మీ ఇబ్బంది నిజమే. కానీ దానికి 2,40,000 అక్కర్లేదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఒకటి మీ ఉత్తరంలోనే ఉంది. దాని సంగతే ముందు చూద్దాం.

రెయిడ్ 5 బ్యాకప్ కాదు. డేటాను నాలుగు డిస్కుల్లో పంచి, ఒక డిస్కంత చోటు రక్షణకు వదిలి, నాలుగింటిలో ఒక డిస్కు పోతే పని ఆగకుండా చూడటం వరకే దాని పని. ఎవరైనా పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేసినా, వోల్టేజీ ఎగిరి నాస్ కాలిపోయినా, దొంగలు పెట్టెతో సహా ఎత్తుకుపోయినా అది కాపాడలేదు. 2022లో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్, ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉంచిన క్యూనాప్ కంపెనీ నాస్‌లలోకి దూరి ఫైళ్లకు తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగింది. వాటిలో రెయిడ్ ఉన్నా లేకపోయినా ఒకటే అయింది. ఇక మీ డిస్కులకు ఐదేళ్లు. నాస్ డిస్కులకు వారంటీ మామూలుగా మూడేళ్లు, ఖరీదైన రకాలకు ఐదు. లక్షల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ సంస్థ లెక్కలో 2024లో పాడైనవి 1.57 శాతం. నాలుగు డిస్కులున్న చోట ఏడాదిలో ఒకటైనా పోయే అవకాశం ఆరు శాతం దాకా ఉంటుంది. అలా పోయినప్పుడు కొత్త డిస్కులోకి డేటా మళ్లీ నిండేలోపు ఇంకొకటి కూడా పోతే ఏమీ మిగలదు.

కెమెరా పోతే కొనుక్కోవచ్చు, తలంబ్రాలు మళ్లీ పోయించలేం కదా. అడ్వాన్సు తిరిగిచ్చినంత మాత్రాన ఆ కుటుంబం బాధ తీరదు, ఊళ్లో మీ పేరూ నిలవదు. అందుకే రెండు 8 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కులు కొనండి. నా అంచనాలో 50,000 లోపు అవుతుంది. ఇంకా డెలివరీ ఇవ్వని పెళ్లిళ్లన్నీ వాటిలో ఉండాలి. ఒకటి మీ గదిలో, ఒకటి అత్తగారింట్లోనో మరో చోటో పెట్టి వారం వారం మార్చండి. కాపీ అయ్యాక కేబుల్ తీసేయండి. తగిలించి ఉంచితే నాస్‌కు పట్టిన గతే దానికీ పడుతుంది.

ఇప్పుడు వేగం సంగతి. ఒక గిగాబిట్ లైను మీద సెకనుకు 110 మెగాబైట్లు వెళ్తాయి. 500 జీబీకి గంటా పావు పడుతుంది. 2.5 గిగాబిట్ మీద సుమారు 280 మెగాబైట్లు, అంటే అరగంట. మీ నాస్‌లో ఆ పోర్టు ఇప్పటికే ఉంది! దానికి మీరు ఐదేళ్ల కిందటే డబ్బు కట్టారు, వాడుకోలేదంతే. కావాల్సింది 2.5 గిగాబిట్ స్విచ్, కంప్యూటర్లకు అడాప్టర్లు. అంతా కలిపి 15,000 దాటకపోవచ్చు. గోడల్లో ఉన్నది క్యాట్ 5ఈ కేబులైనా 2.5కు సరిపోతుంది.

హార్డ్ డిస్కులు అలాగే ఉంచి 10 గిగాబిట్ వేస్తే, పెద్ద ఫైళ్లకు డిస్కులే 400 మెగాబైట్ల చుట్టుపక్కల అడ్డుపడతాయి. అందుకే ఎస్ఎస్‌డీలు కూడా కలిపి చెప్పారు. కానీ హార్డ్ డిస్కులు తీసి వాటి చోట నాలుగు 4 టీబీ ఎస్ఎస్‌డీలు పెడితే, రెయిడ్ 5లో మీ చోటు 24 టీబీ నుంచి 12కు పడిపోతుందని ఎవరైనా చెప్పారా? పైగా ఎస్‌డీ కార్డు నుంచి దించేటప్పుడు కార్డే ఆలస్యం చేస్తుంది. మామూలు యూహెచ్ఎస్-1 కార్డులు చాలావరకు సెకనుకు 100 మెగాబైట్ల దగ్గరే ఆగిపోతాయి. అక్కడ మీరు ఎంత పెద్ద స్విచ్ పెట్టినా ఒక్క నిమిషం కూడా మిగలదు.

మీ రెండు గంటలకు ధర కట్టి చూశాను. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటల లెక్కన మీ ఎడిటర్ గంట ఖర్చు 87 రూపాయలు. నెలకు 52 గంటలు పూర్తిగా వృథా అయ్యాయనుకున్నా 4,500. దాని కోసం నెలకు 20,000 ఈఎంఐ కట్టడం నాకు నచ్చలేదు. అయితే ఇందులో ఇంకో కోణం ఉంది, నిజాయితీగా ఆలోచించండి. ఎడిటింగ్ ఆలస్యమై ఆల్బమ్ ఇవ్వక చివరి వాయిదా డబ్బు ఆగిపోతోందా? చేతిలో పని ఎక్కువై, కిందటి సీజన్‌లో పెళ్లిళ్లు వద్దన్నారా? అవునంటే ఆ రూపాయలు రాసుకోండి. ఏడాదికి లక్ష దాటితే 10 గిగాబిట్ గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

ఆ లోపు ఎడిటింగ్ చేసే రెండు కంప్యూటర్లలో ఒక్కో 2 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (కంప్యూటర్ లోపలే బిగించే, ఇంకా వేగమైన రకం) పెడితే చాలు. పని నడుస్తున్న పెళ్లి అక్కడ, మిగతావి నాస్‌లో. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ చిప్‌ల ధరలు బాగా ఎక్కాయి కాబట్టి దీనికి 40,000 అనుకోండి. ఇది తర్వాతి సీజన్ డబ్బుతో కొనవచ్చు.

నో కాస్ట్ అన్నది కూడా విడదీసి చూడాలి. 16 శాతం వడ్డీ అనుకుంటే, ఆ 2,40,000లో 19,600 వడ్డీయే. దాన్ని డిస్కౌంటు రూపంలో సర్దుతారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, సుమారు 3,500, మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు వేరు. నగదు ఇస్తే ఎంతకిస్తారో షాపులో అడగండి. ఇంకో సంగతి, మీ ఆదాయం ముహూర్తాల మీద నడుస్తుంది. ఆషాఢం, భాద్రపదం, మూఢాలు వస్తే రాబడి ఆగుతుంది గానీ ఈఎంఐ ఆగదు. ఉన్న 3 లక్షలు నాలుగు నెలల ఖర్చుకు కూడా చాలవు. ఒక్క వాయిదా తప్పితే కార్డు వడ్డీ ఏడాదికి 40 శాతం పైనే పడవచ్చు.

కాబట్టి ఇప్పుడు ఖర్చు 65,000. బ్యాంకులో 2,35,000 మిగులుతుంది. బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు వేయించుకోండి. కాంపోజిషన్ స్కీమ్‌లో (రాబడి మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) లేకపోతే ఆ పన్ను క్రెడిట్‌గా తిరిగొస్తుంది. మామూలు పద్ధతిలో లెక్కలు రాస్తుంటే కంప్యూటర్లకు 40 శాతం తరుగుదల కూడా వస్తుంది, కొన్న ఏడాది 180 రోజులకు తక్కువ వాడితే అందులో సగం. ప్రిజంప్టివ్ పద్ధతిలో (రాబడిలో ఇంత శాతం లాభమని లెక్కేసి) రిటర్ను వేస్తుంటే తరుగుదల విడిగా చూపలేరు. మీరు ఏ పద్ధతిలో ఉన్నారో మీ ఆడిటర్‌ను అడగండి.

డిస్కులు రాగానే మొదట ఏదో ఒక పెళ్లి ఫుటేజీని అందులోంచి వెనక్కి తెచ్చి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. స్విచ్ మార్చడం ఆ తర్వాతే.