సంప్రదాయ ఆఫ్రికా సమాజాల్లో ఆడవాళ్లకి అసలు విలువే ఉండేది కాదా?

ఆఫ్రికా అంతటికీ ఒకే జవాబు లేదండి. నాకు తెలిసింది ఘనాలోని కుమాసీ ఒక్కటే. అక్కడ కరెంటు సామాన్ల గోడౌన్‌లో మూడేళ్లు పనిచేశాను. ఆ ఊరివాళ్లని ఇంగ్లీషువాళ్లు 'అశాంతి' అని రాశారు. తెలుగులో అది బాగుండదు, వాళ్లు పలికినట్టే అసాంతే అందాం.

వాళ్లది తల్లి వంశం. పిల్లలు అమ్మ వైపు 'అబుసువా'కి, అంటే వంశానికి, చెందుతారు. పాత పద్ధతిలో మగవాడి ఆస్తి కొడుక్కి కాదు, మేనల్లుడికి పోతుంది. కొత్త రాజు ఎవరో ముందు ప్రతిపాదించేది రాజమాత. ఆవిడ రాజుగారి కన్నతల్లే కానక్కర్లేదు, అక్కో పిన్నో కూడా కావచ్చు. 1900లో బ్రిటిష్ గవర్నర్ హాడ్జ్‌సన్ వాళ్లు ప్రాణంగా చూసుకునే బంగారు పీఠం తెచ్చిమ్మంటే, తిరగబడి యుద్ధం నడిపింది ఎజిసు అనే ఊరి రాజమాత యా అసాంతేవా. ఆవిణ్ణి పట్టుకుని సీషెల్స్ దీవులకి పంపేశారు. 1921లో అక్కడే పోయింది.

బజారులో అయితే పెత్తనమంతా ఆడవాళ్లదే. ఒక్కో సరుకు అమ్మేవాళ్లకి ఒక పెద్ద ఉంటుంది, ఆవిణ్ణి రాణి అంటారు. టమాటాకి ఒక రాణి, యామ్ దుంపకి ఇంకో రాణి. ఒకసారి కుళ్లిన టమాటా పెట్టె గురించి ఇద్దరు జుట్టూజుట్టూ పట్టుకునేదాకా వచ్చారు. టమాటా రాణి స్టూల్ మీంచి లేవలేదు. పెట్టె బోర్లించమంది, పనికొచ్చేవి ఏరించి సగం డబ్బు వెనక్కి ఇప్పించింది. అంతే, ఇద్దరూ నోరెత్తలేదు.

అయినా 'తెల్లవారిందని కోడిపెట్టకీ తెలుసు, కానీ పుంజు నోటివైపు చూస్తుంది' అని వాళ్లకో సామెత ఉంది. పైగా, నేను చూసినంతలో ఆ మర్యాదంతా అక్కచెల్లెళ్లకీ తల్లులకీ; భార్యకి అంత లేదు. ఆవిడది వేరే అబుసువా కదా! వీలునామా లేకపోయినా భార్యాపిల్లలకి ఇల్లూ సామానూ దక్కేలా 1985లో చట్టం తెచ్చారు. చావింట్లో మాత్రం పాత లెక్కే నడుస్తోంది.

మా డ్రైవర్ పోయినప్పుడు చదివింపుల కవరు ఆయన భార్య చేతికి ఇవ్వబోయాను. పక్కనున్నాయన నా మోచెయ్యి పట్టుకుని వంశంవాళ్ల టేబుల్ చూపించాడు. అక్కడ రసీదు రాశారు, నా పేరూ మొత్తమూ మైకులో చదివారు. డబ్బు లెక్కపెట్టుకున్నది చనిపోయినాయన అక్క.