శత్రువు తలమీద నిప్పులు పోయమన్నారా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: బైబిలులో పౌలు రాసిన రోమా పత్రిక (లేఖ) 12వ అధ్యాయం పాఠం చెబుతుండగా 20వ వచనం దగ్గర ఒక పిల్లవాడు నన్ను ఆపి, "ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెట్టి, ఆ తర్వాత తలమీద నిప్పులు పోయడమేమిటి టీచర్? అది పగ తీర్చుకోవడమే కదా?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు. ఇది అనువాదంలో జరిగిన పొరపాటా? – ఒక సండే స్కూలు ఉపాధ్యాయిని, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ఆ పిల్లవాడు అడగవలసిన ప్రశ్నే అడిగాడు. మాటల వరకు చూస్తే అనువాదంలో పొరపాటేమీ లేదు. "ఆలాగు చేయుటవలన అతని తలమీద నిప్పులు కుప్పగా పోయుదువు" అని మన పాత అనువాదంలో ఉన్నది గ్రీకు మూలంలో ఉన్నదే; పౌలు కూడా దానిని పాత నిబంధనలోని సామెతలు 25:21-22 నుంచి తీసుకున్నాడు. మాటలు చేరాయి గాని వాటి వెనుక ఉన్న భావం మనదాకా చేరలేదు.

ఎందుకు చేరలేదో తెలుసుకోవడానికి బడిలో చదువుకున్న ఉపమాలంకారం చాలు. "ఆమె ముఖం చంద్రబింబంలా అందంగా ఉంది" అన్నప్పుడు ముఖం ఉపమేయం, చంద్రబింబం ఉపమానం, అందం సమానధర్మం, "లా" అనేది ఉపమావాచకం. ఈ నాలుగూ ఉంటే పూర్ణోపమ, వాటిలో ఏదైనా లోపిస్తే లుప్తోపమ. "చంద్రబింబం లాంటి ముఖం" అని ఊరుకున్నా మనకు అందమే తోస్తుంది గాని చంద్రుడిలోని మచ్చ తోచదు. చెప్పకుండా వదిలిన సమానధర్మాన్ని మన భాషా సంప్రదాయమే పూరిస్తుంది. బైబిలులోని అలంకారాలలో ఎన్నింటికో సమానధర్మం చెప్పి లేదు, ఎందుకంటే ఆనాటి శ్రోతలకు అది చెప్పనవసరం లేకపోయింది. రెండువేల ఏళ్ల తర్వాత, వేరే భాషలో, ఆ ఖాళీని మనం మన అలవాటు ప్రకారం పూరించుకుంటాం. తెలుగులో "నా సంసారంలో నిప్పులు పోశాడు" అంటే సర్వనాశనం చేశాడని అర్థం. మీ విద్యార్థి ఆ అలవాటుతోనే విన్నాడు. తెలుగు బాగా వచ్చినవాడు కనుకనే తప్పుగా అర్థం చేసుకున్నాడు.

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. హిప్పో నగర బిషప్ అగస్టీను, లేఖన వ్యాఖ్యాన పద్ధతి గురించి రాసిన గ్రంథంలో ఈ వచనాన్నే ఉదాహరణగా తీసుకుని, పైకి కీడు చేయమన్నట్టు వినిపించే ఈ మాటను అలంకారంగానే గ్రహించాలని, ఆ నిప్పులు శత్రువు లోపల రగిలే పశ్చాత్తాపపు మంటలని వివరించాడు. ఐగుప్తు (ఈజిప్టు) దేశపు ఒక ప్రాచీన కథలో తప్పు ఒప్పుకోవడానికి వచ్చిన మనిషి తలమీద నిప్పుల కుంపటి పెట్టుకుని వస్తాడు. సామెతలలోని మాటకు మూలం అటువంటి ఆచారమై ఉండవచ్చునని భావించిన పండితులున్నారు. ఇది నిరూపితం కాదు గాని, రెండూ పశ్చాత్తాపం వైపే చూపుతున్నాయి. పొయ్యి ఆరిపోయిన పొరుగింటివారికి కుండనిండా నిప్పులిచ్చి తలమీద పెట్టి పంపడమని కొందరు ప్రసంగీకులు చెబుతారు. వినడానికి ముచ్చటగా ఉన్నా, దానికి ఆధారం నాకు వచనంలో కనిపించదు. దానికంటే పక్క వచనాలను చూడడం మేలు: 19లో పగ తీర్చుకోవద్దని, 21లో "మేలుచేత కీడును జయించుము" అని పౌలు స్పష్టంగా అన్నాడు. ఈ రెంటి నడుమ ఉన్న వచనానికి పగ అనే అర్థం పొసగదు.

పిల్లలకు చెప్పేటప్పుడు నేనైతే "లా", "వలె" వంటి పోలిక మాట లేని ఈ రూపకాన్ని ఉపమగా మార్చి, లోపించిన సమానధర్మాన్ని చేరుస్తాను: "అలా చేస్తే, తలమీద నిప్పులు కుప్ప పోసినట్టుగా, చేసిన తప్పు తలచుకుని అతడు సిగ్గుతో దహించుకుపోతాడు." నిప్పు ఎక్కడికీ పోలేదు, అది కాల్చేది దేనినో మాత్రం తెలిసింది.

ప్రశ్న: మత్తయి 1:25లో యోసేపు మరియను "ఎరుగకుండెను" అని ఉంది. భార్యను చేర్చుకున్నవాడు ఆమెను ఎరుగకపోవడమేమిటి? – ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: దాంపత్య సంబంధాన్ని "ఎరుగుట" అనడం హెబ్రీ భాషలో మర్యాదగా చెప్పే తీరు. అదే పలుకుబడి గ్రీకులోకి, గ్రీకు నుంచి మన అనువాదంలోకి వచ్చింది. విచిత్రమేమంటే అదే తెలుగు బైబిలు ఆదికాండము 4:1లో ఆదాము హవ్వను "కూడినప్పుడు" అంటుంది, అక్కడ మూలంలో ఉన్నది కూడా "ఎరిగెను" అనే క్రియే. ఒకచోట తెలుగు మర్యాద, మరొకచోట హెబ్రీ మర్యాద. నా అభిప్రాయంలో మొదటిదే సరైన దారి. సౌలు రాజు గుహలోకి వెళ్లిన సందర్భంలో (1 సమూయేలు 24:3) హెబ్రీ మూలం "పాదములు కప్పుకొనుటకు" అంటే, మన అనువాదకులు "శంకానివర్తి" (కాలకృత్యం) అని చక్కగా సరిపెట్టారు; అక్కడ ఏ పాఠకుడూ తడబడడు.

ప్రశ్న: మా యువజన కూటంలో చదవడానికి సువార్త భాగాలను నేటి తెలుగులో రాసుకుంటున్నాం. ఇన్ని చిక్కులున్నప్పుడు అలంకారాలన్నీ తీసేసి భావం నేరుగా రాస్తే సరిపోదా? – కాకినాడ నుంచి ఒక యువకుడు

జవాబు: సరిపోదు నాయనా, పైగా కొన్నిచోట్ల కథే చెడిపోతుంది.

మొదట, తీసేయనవసరం లేనివి చాలా ఉన్నాయి. "మీ మనస్సు అను నడుము కట్టుకొని" (1 పేతురు 1:13) అన్నది పొడవాటి అంగీని నడుముకు బిగించి పనికి సిద్ధపడే యూదుల అలవాటు నుంచి వచ్చింది; మనకు "నడుము బిగించడం" ఉండనే ఉంది. మత్తయి 20:15లో గ్రీకు మూలం "నేను మంచివాడినైనందుకు నీ కన్ను చెడ్డదా?" అని అడుగుతుంది. చెడ్డ కన్ను అంటే వారికి ఓర్వలేనితనం, పిసినారితనం, మనకేమో దిష్టి. అందుకే మన పాత అనువాదకులు కంటిని వదిలి "నీకు కడుపుమంటగా ఉన్నదా" అన్నారు. ఆ ఒక్క మాట కోసం వారికి దండం పెట్టాలనిపిస్తుంది.

తెలియని ఉపమానాలను చూసి కూడా భయపడనక్కరలేదు. యెషయా 1:18లో పాపములు "హిమమువలె తెల్లబడును" అని, వెంటనే గొఱ్ఱెబొచ్చువలె తెల్లనివగును అని ఉంది. మన వైపు మంచు అంటే మార్గశిర మాసపు తెల్లవారుజామున కమ్మేది. గొర్రెబొచ్చు ఇంకా దూరం: నెల్లూరు జాతి గొర్రెకు ఉన్ని ఉండదు, దక్కనీ గొర్రె ఉన్నితో నేసే గొంగడి నల్లగా ఉంటుంది. అయినా ఆ వచనం ఎవరినీ తికమక పెట్టదు, ఎందుకంటే "తెల్లబడును" అన్న సమానధర్మం వచనంలోనే ఉంది.

ఇక ముట్టుకోకూడనివి. మత్తయి 16:6లో "పరిసయ్యులు సద్దూకయ్యులు అను వారి పులిసిన పిండి" (ఇవి ఆనాటి యూదుల రెండు మత వర్గాలు) విషయంలో జాగ్రత్తపడమని యేసు అంటే, శిష్యులు తాము రొట్టెలు తేలేదని అన్నాడనుకున్నారు. (దోసెలకు పిండి పులియలేదని దిగులుపడే మన ఇళ్లలో ఈ హెచ్చరిక మరీ వింతగా వినిపిస్తుంది.) 12వ వచనంలో అది బోధ గురించి అని వారికి తెలుస్తుంది. మీరు ముందే "వారి బోధ" అని రాసేస్తే శిష్యులు పొరపాటు పడడానికి కారణమే ఉండదు.

యోహాను 11 మరింత సున్నితమైనది. చనిపోయినవారిని "ప్రభువునందు నిద్రించారు" అనడం మన సంఘాలలో సమాధి రాళ్లమీద కూడా కనిపించే వాడుక కనుక, 11వ వచనంలో యేసు తన స్నేహితుడు లాజరు "నిద్రించుచున్నాడు" అనగానే మన విశ్వాసులకు మరణమే స్ఫురిస్తుంది. శిష్యులకు అలా స్ఫురించలేదు. నిద్రపోతే బాగుపడతాడు కదా అన్నారు. అప్పుడు, 14వ వచనంలో, యేసు "లాజరు చనిపోయెను" అని స్పష్టముగా చెప్పాడు. కాబట్టి 11లో "చనిపోయాడు" అని రాయకండి, "ప్రభువునందు నిద్రించాడు" అని కూడా రాయకండి. "నిద్రపోతున్నాడు" అని మామూలు తెలుగులో రాయండి. రాసిన భాగాన్ని బైబిలు ఎన్నడూ చదవని స్నేహితుడికి వినిపించి, ఏమి అర్థమైందో అతని మాటల్లోనే చెప్పించుకోండి. 12వ వచనం దాకా అతడు కూడా శిష్యుల లాగే పొరబడితే, మీ అనువాదం సరిగ్గా ఉన్నట్టే.