పసుపెక్కిన టాకుమార్ కొనవచ్చా?

ప్రశ్న: నాన్నగారి పెంటాక్స్ స్పాట్‌మాటిక్ ఫిల్ము కెమెరా ఈమధ్యే రిపేరు చేయించి వాడుతున్నాను. దానికి సూపర్ టాకుమార్ 55 ఎం.ఎం. ఎఫ్/1.8 లెన్సు ఉంది. ఇప్పుడు ఒకాయన టాకుమార్‌లోనే 50 ఎం.ఎం. ఎఫ్/1.4 అమ్ముతానంటున్నారు. దాని అద్దం టీ రంగులో ఉంది. ఇంట్లో, పెళ్ళిళ్లలో ఫ్లాష్ లేకుండా తీయాలని నా కోరిక. కొనమంటారా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: రంగు చూసి టెన్షన్ పడకండి. 1964లో వచ్చిన తొలి రకం 50/1.4లో ఎనిమిది అద్దాలుండేవి. తర్వాతి ఏడు అద్దాల రకంలో థోరియం అనే రేడియోధార్మిక లోహం కలిపిన గాజు వాడారు. ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కేది అదే. రేడియేషన్ ఉంటుంది కానీ స్వల్పం. కెమెరాకు తగిలించి వాడుకోవడానికి భయం అక్కర్లేదు, ఆ గాజును గీకడం, అరగదీయడం మాత్రం చేయకండి. యూవీ లైటు కింద కొన్నాళ్ళు ఉంచితే రంగు చాలావరకు విరుగుతుంది. ఎండలో అలా వదిలేయకండి, భూతద్దంలా కింది గుడ్డను కాల్చేస్తుంది. స్పాట్‌మాటిక్ మీటరు లెన్సులోంచి వచ్చే వెలుతురునే కొలుస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ లెక్క తప్పు రాదు. బ్లాక్ అండ్ వైట్‌కైతే అది ఉచితంగా వచ్చిన పసుపు ఫిల్టరే.

నన్ను భయపెట్టేది ఫంగస్. పాతికేళ్ళ కిందట ముందు అద్దం తళతళలాడుతోందని ఒక లెన్సు కొన్నాను. ఇంటికొచ్చి టార్చ్ వేస్తే లోపల సాలెగూడు! శుభ్రం చేయించాను, కానీ అప్పటికే ఫంగస్ అద్దం మీది కోటింగును తినేసింది. కిటికీకి ఎదురుగా తీసిన ప్రతి ఫొటో పొగ పట్టినట్టు వచ్చేది. మా అమ్మ చివరి ఫొటోలు కొన్ని అలాగే ఉన్నాయి. అందుకే చెబుతున్నా, అపర్చర్ (వెలుతురు వెళ్ళే కన్నం) పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చ్ వేసి, కాస్త ఏటవాలుగా చూడండి. నాలుగు దుమ్ము కణాలుంటే పర్వాలేదు. దారాల్లాంటివి గానీ, పాలపొరలాంటి మసక గానీ కనిపిస్తే వద్దనండి. మీది సముద్రపు ఊరు, అలాంటిది ఇంట్లోకి తెచ్చుకోకూడదు.

తర్వాత లెన్సు మీది ఆటో మీట మాన్యువల్‌లో పెట్టి అపర్చర్ రింగు తిప్పండి. ఆ కన్నాన్ని మూసే బ్లేడ్ల మీద నూనె ఉండకూడదు. ఆటోలోకి మార్చి వెనకనున్న పిన్ను నొక్కి వదిలితే బ్లేడ్లు చటుక్కున కదలాలి. నూనె పట్టి బద్ధకించాయంటే ఫొటో తీసే క్షణానికి అపర్చర్ మూసుకోదు, వెలుతురు ఎక్కువ పడి నెగెటివ్ ఓవర్ అవుతుంది.

ఇక అసలు సంగతి. ఎఫ్ అంకె ఎంత తగ్గితే కన్నం అంత పెద్దది. 1.8 నుంచి 1.4కి వెళ్తే వెలుతురు సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది, అంతే. 1/30 సెకను షట్టర్ వేగంలో తీసేది లెక్క ప్రకారం 1/50 దగ్గర తీయొచ్చు. మీటరు దూరంలో స్పష్టంగా వచ్చే లోతు మీ 55కీ, దీనికీ దాదాపు ఒకటే, మూడు, మూడున్నర సెంటీమీటర్లు. కన్నుకు ఫోకస్ చేస్తే చెవి మసకే. వెనక మసక కోసమైతే మీ చేతిలో ఉన్నదే చాలు. మసక వెలుతురులో వ్యూఫైండర్ కాస్త ప్రకాశంగా ఉండటం మాత్రం నిజమైన లాభం, పెళ్ళిపందిట్లో అది నాకు చాలా అక్కరకొచ్చింది.

ఆయన ఒక రోజు ఇస్తే ఐఎస్ఓ 400 ఫిల్ము వేసి, బల్ల మీద స్కేలు ఏటవాలుగా పెట్టి, ఒక అంకెకు ఫోకస్ చేసి అపర్చర్ 1.4, 2, 4 దగ్గర తీయండి. పక్కనే మీ 55తో కూడా. 1.4 దగ్గర కాస్త మెత్తగా రావడం సహజం. 4 దగ్గర కూడా ఆ అంకె పదునుగా రాకపోతే తిరిగి ఇచ్చేయండి.