వేయబడిందా, వేశారా?

సందేహం: చెన్నైలో ఒక బడిలో తెలుగు చెబుతున్నాను. మా ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురేసి జట్లుగా కూర్చుని, రైల్వే చరిత్ర మీద గళ్ల పటం, కార్డులతో ఒక ఆట తయారుచేస్తున్నారు. ఆలోచన చరిత్ర టీచరుది, తెలుగు దిద్దే పని నాది. ఒక జట్టు "1856లో రాయపురం నుంచి రైలు మార్గం వేయబడింది" అని రాస్తే "వేశారు" అని దిద్దాను. చరిత్రకు "బడింది" అంటేనే హుందాగా ఉంటుందని తోటి టీచరు అంటున్నారు. ఏది సరి? "ఆటగాడు పాచికలు వేయవలెను" లాంటి నియమాల మాటేమిటి?
– ఒక ఉపాధ్యాయిని, పెరంబూరు

సమాధానం: మీరు దిద్దిందే నాకు నచ్చింది. "వేయబడింది" వ్యాకరణ దోషం కాదు. కర్మణి ప్రయోగం పాత వ్యాకరణాల్లోనూ ఉంది. కానీ మాట్లాడేటప్పుడు మన నోట అది రాదు. "మా వీధిలో రోడ్డు వేశారు" అంటాం. వేసింది ఎవరో చెప్పనక్కర్లేనప్పుడు కర్తను వదిలేసి, క్రియను బహువచనంలో పెడితే చాలు. లేదా "రోడ్డు పడింది" అంటాం. "మా ఊరికి రైలు లైను పడింది" అన్నది ఎంత చక్కని తెలుగు! ఇంత సౌకర్యం ఉండగా, ఇంగ్లీషు వాక్యాన్ని అనువదించినట్టుండే "వేయబడింది"తో పనేముంది? హుందాతనం చెప్పే విషయంలో ఉండాలి గానీ క్రియకు తగిలించిన తోకలో కాదు. కనబడు, వినబడు, నిలబడు లాంటివి వేరు. అవి సొంత క్రియలుగా స్థిరపడిపోయాయి, వాటి జోలికి వెళ్లకండి.

అయితే మీరు "వేశారు" దగ్గర ఆగిపోకూడదని నా కోరిక. "ఎవరు వేశారు?" అని పిల్లల్ని అడగండి. 1856 జూలై 1న మద్రాసులోని రాయపురం నుంచి వాలాజా రోడ్డు దాకా, సుమారు 100 కిలోమీటర్లు, దక్షిణాదిలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. ఆ లైను వేయించింది మద్రాస్ రైల్వే కంపెనీ. మట్టి తవ్వి, తట్టలు మోసి, పట్టాలు పరిచింది ఆడా మగా కూలీలు. "వేయించింది", "వేశారు" అని రెండు క్రియలు రాయగానే రెండు రకాల మనుషులు కనిపిస్తారు. "వేయబడింది" అంటే ఇద్దరూ మాయమవుతారు.

డబ్బు సంగతి ఇంకా ముఖ్యం. "పెట్టుబడికి వడ్డీ హామీ ఇవ్వబడింది" అని ఏ జట్టయినా రాస్తే ఒప్పుకోకండి. ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఎవరి డబ్బు? వాటాదారుల్లో ఎక్కువమంది బ్రిటన్‌లో ఉండేవారు. లాభం వచ్చినా రాకపోయినా వారి పెట్టుబడి మీద 5 శాతం దాకా రాబడి దక్కేలా ప్రభుత్వం హామీ ఇచ్చింది. లోటు పడితే పూడ్చింది ఈ దేశపు ఖజానా, అంటే ఇక్కడివాళ్లు కట్టిన పన్నులు. ఇది ఆటలో నియమంగా మారితే ఎలా ఉంటుందో చూడండి: "కంపెనీ జట్టు ప్రతి వంతుకూ వడ్డీ తీసుకుంటుంది. బండి నష్టంలో నడిస్తే ఆ వడ్డీని రైతు జట్టు శిస్తు నుంచి ఇవ్వాలి." పాఠం చదివితే పిల్లలు ఈ ముక్కను దాటేయగలరు, కానీ నియమం రాయాలంటే ఎవరు ఎవరికి ఇవ్వాలో తేల్చుకోక తప్పదు. జట్టులో వాదన వస్తుంది, రానివ్వండి. అందుకే ఈ ప్రాజెక్టు చరిత్రకూ మంచిదే, భాషకూ మంచిదే.

మీ పిల్లలు తెలుగువాళ్లు కాబట్టి పటాన్ని రాయపురం దగ్గరే ఆపకుండా రేణిగుంట, కడప, గుంతకల్లు మీదుగా రాయచూరు దాకా పొడిగించమనండి. 1871లో ఆ లైను బొంబాయి వైపు నుంచి వచ్చిన లైనుతో అక్కడ కలిసింది. ఆ తర్వాత 1876–78 కరువు వస్తుంది. "ధాన్యం తరలించబడింది" అన్న కార్డు అక్కడ ఎందుకూ పనికిరాదు. ఓడల్లో మద్రాసుకు వచ్చిన ధాన్యాన్ని రైళ్లు లోపలి జిల్లాలకు మోశాయి. అదే కాలంలో ఈ దేశపు గోధుమలు ఇంగ్లండుకు వెళ్తూనే ఉన్నాయి. ఈ రెండు వాక్యాలూ రెండు కార్డులు కావాలి.

నియమాల విషయం సులువే. "వేయవలెను" వద్దు, "వేయాలి" లేదా "వేయండి" చాలు. "ఆటగాడు" అంటే ఆడపిల్లలు బయటే ఉండిపోతారు, "ఆడేవాళ్లు" అనండి. ఆట మాటలకు మనకు కొరత లేదు. పందెం వేయడం, కాయ నడపడం, కాయ పండడం, గడి, వంతు అన్నీ పచ్చీసులోనూ అష్టాచెమ్మాలోనూ ఉన్నవే. రైలు రాయచూరు చేరితే "కాయ పండింది" అని రాయమనండి. రైలు, స్టేషను, సిగ్నలు, టికెట్టు, ఇంజను మాత్రం అలాగే ఉంచండి, వాటికి కొత్త మాటలు కట్టొద్దు.

మీరు అడగని మాట ఒకటి. ఆ లైనును అప్పటి మద్రాసు గవర్నరు హారిస్ "ప్రారంభించారు" అని గౌరవంగా రాసి, కూలీ దగ్గరికి వచ్చేసరికి "మోశాడు" అని రాయనివ్వకండి. "వచ్చారు" అయినా, "వచ్చాడు" అయినా అందరికీ ఒకటే పెట్టమనండి. ఏది పెట్టాలో జట్టే మొదటిరోజున తేల్చుకుని, కార్డులన్నిటిలోనూ అదే పాటించాలి.