కిరాయికి ఉన్న అబ్బాయి ప్రవర్తన భయపెడుతోంది: పోలీసులకు ఎంతవరకు చెప్పవచ్చు?

ప్రశ్న: హనుమకొండ నయీంనగర్‌లోని మా ఇంటి పై పోర్షన్‌ను పోటీ పరీక్షలకు చదువుకునే ఒక అబ్బాయికి కిరాయికిచ్చాము. నెల రోజులుగా అతను గదిలోంచి బయటికి రావడం లేదు. రెండుసార్లు అర్ధరాత్రి డాబా మీద ఫోన్లో "ఆమెను, వాళ్లన్నను బతకనియ్య" అని అరవడం విన్నాను. మొన్న కిరాయి కోసం వెళ్తే, తెరిచి ఉన్న తలుపులోంచి మంచం పక్కన పేపర్లో చుట్టిన కొత్త వేటకొడవలి కనిపించింది. పోలీసులకు చెబితే పిల్లవాడి భవిష్యత్తు పాడవుతుందని మా ఇంటావిడ అంటోంది. నా పేరు బయటపడుతుందని నాకు భయంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: చెప్పండి, ఈ రోజే చెప్పండి. హత్య వంటి కొన్ని తీవ్ర నేరాలు చేయాలన్న ఉద్దేశం ఎవరికైనా ఉన్నట్టు తెలిసిన వ్యక్తి, సరైన కారణం లేకుండా ఆ సమాచారాన్ని దాచకూడదని, వెంటనే దగ్గరలోని పోలీసు అధికారికో మేజిస్ట్రేట్‌కో తెలియజేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 33వ సెక్షన్ చెబుతోంది. అందువల్ల మీ విషయంలో మౌనంగా ఉండిపోవడం చట్టరీత్యా క్షేమమైన దారి కాదు.

అయితే మీ ఇంటావిడ మాటను నేను తేలిగ్గా తీసుకోను. గోప్యత రాజ్యాంగం 21వ అధికరణ కింద ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టులో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. దాన్ని పరిమితం చేయాలంటే చట్టం ఆధారం ఉండాలని, న్యాయమైన అవసరం ఉండాలని, తీసుకునే చర్య ఆ అవసరాన్ని మించకూడదని కూడా చెప్పింది. ఈ కొలత ప్రభుత్వ చర్యలకు పెట్టినదే అయినా, మీకూ అదే దారి చూపుతుంది. డాబా మీద అరిచిన మాటలు మీ చెవిన పడ్డాయి, తెరిచిన తలుపులోంచి కొడవలి మీ కంట పడింది. ఇంతవరకు మీరు ఎవరి గుట్టూ తవ్వలేదు. ఇకపైన కూడా తవ్వకండి. అతను లేనప్పుడు మారుతాళంతో గది తెరవడం, నోటు పుస్తకాలు చదవడం, స్నేహితుల చేత ఫోన్ వెతికించడం వంటివి చేస్తే మీరే చిక్కుల్లో పడతారు. సోదా చేసే అధికారం పోలీసులది.

ఇక దరఖాస్తు ఎలా రాయాలన్నది అసలు సంగతి. "మా కిరాయిదారు పిచ్చివాడిలా ఉన్నాడు, ఏదో ఘోరం చేస్తాడు" అని రాసిన కాగితాలు నేను చాలా చూశాను. వాటితో స్టేషన్లో ఏమీ చేయలేరు, పైగా ఒక మనిషికి మచ్చ మాత్రం మిగులుతుంది. మీరు తేదీ, సమయం వేసి, విన్న మాటను విన్నట్టే ఉటంకించి, చూసిన వస్తువు ఎక్కడ ఎలా ఉందో రాయండి. అతని కులం, అలవాట్లు, ఇంటి సంగతులు, మీ ఊహలు ఆ కాగితంలోకి రానివ్వకండి. అబద్ధమని తెలిసి కూడా సమాచారం ఇచ్చిన వారికే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 217వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు గానీ, పది వేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయి. నిజాయితీగా చెప్పిన అనుమానం తర్వాత ఉత్తిదని తేలినంత మాత్రాన మీ మీద ఆ కేసు నిలవదు.

వీధిలో వాళ్లు కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టమంటే ఒప్పుకోకండి. అధికారం ఉన్న వారి ముందు సద్భావంతో చేసిన ఆరోపణకు అదే సంహితలో పరువునష్టం సెక్షన్ అయిన 356లో మినహాయింపు ఉంది. రెండు వందల మంది చదివే గ్రూపుకు ఆ రక్షణ దొరకదు. మీ ఇంటావిడ భయపడుతున్న నష్టం ఆ అబ్బాయికి జరిగేది కూడా అక్కడే.

మీ పేరు గురించి: నేరం జరిగిందన్న సమాచారం తనకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పమని పోలీసు అధికారిని కోర్టు కూడా బలవంతపెట్టలేదని భారతీయ సాక్ష్య అధినియం (కోర్టులో సాక్ష్యాల గురించిన చట్టం) 131వ సెక్షన్ అంటోంది. కానీ మీ దరఖాస్తు మీదే ఎఫ్‌ఐఆర్ నమోదైతే ఫిర్యాదిదారుగా మీ పేరు అందులో ఉంటుంది, ఆ నకలు నిందితుడికి అందుతుంది. కాబట్టి ముందు ఇన్‌స్పెక్టర్‌ను స్వయంగా కలిసి, ఇది సమాచారంగా ఇస్తున్నానని, నా పేరు గోప్యంగా ఉంచండని స్పష్టంగా అడగండి.

సమాచారం ఇచ్చిన మాత్రాన అతను జైలుకు పోతాడని అనుకోకండి. నేరం జరగకముందే ఆపే అధికారం పోలీసులకు ఉంది. పిలిచి మాట్లాడవచ్చు, ఆ అమ్మాయి ఎవరో తెలుసుకుని ఆమెను హెచ్చరించవచ్చు, అవసరమైతే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ముందు బైండోవర్ చేయించవచ్చు, అంటే గొడవ చేయనని పూచీపత్రం రాయించుకోవచ్చు. మీరు రాసిన దాన్ని బట్టి నాకు ఇంకొక అనుమానం ఉంది. నెల రోజులు గది దాటకపోవడం, అర్ధరాత్రి అరుపులు జబ్బు లక్షణాలు కూడా కావచ్చు. అలాగైతే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ వర్తిస్తుంది: తనకు గానీ ఇతరులకు గానీ ప్రమాదం కలిగించేలా ఉన్న రోగిని పోలీసులు తమ రక్షణలోకి తీసుకుని ఇరవై నాలుగు గంటలలోపు ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. జబ్బని మీరు తేల్చేయకుండా, అవసరమైతే ఈ సెక్షన్ కింద చూడమన్న విన్నపాన్ని మాత్రం దరఖాస్తులో ఒక వాక్యంగా చేర్చండి, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి పేరు కూడా ప్రస్తావించండి. అతని తల్లిదండ్రుల నంబరు కిరాయి ఒప్పందంలో ఉంటే దాన్ని పోలీసులకు ఇవ్వండి; కొడవలి సంగతి వాళ్లకు మీరే ఫోన్ చేసి చెబితే అది ముందే అతని చెవిన పడే ప్రమాదం ఉంది.

ఈ రాత్రే మళ్లీ అరుపులు వినబడితే దరఖాస్తు కోసం ఆగకండి. మేడ ఎక్కకుండా, అతనితో వాదించకుండా, కింది తలుపు గడియ పెట్టుకుని 112కు ఫోన్ చేయండి.