కౌన్సెలింగ్ గదిలో ఏం జరుగుతుందని అడిగారు

కావలి దగ్గరి పల్లె నుంచి ఒక ఇల్లాలు రాశారు. పెళ్లయి తొమ్మిదేళ్లు. భర్త రొయ్యల గుంటలు చేస్తారు. వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ అనే రొయ్యల జబ్బు తగిలి పోయాయి. అప్పటి నుంచి ఈమెతో మాటలు తగ్గించారు. అప్పుల సంగతి తల్లికి చెబుతారు, తల్లి కోడలికి చెబుతుంది. కౌన్సెలింగ్‌కి వెళదామంటే "మనింటి గుట్టు బయట పెడతావా" అంటున్నారట. "మీరేం చదివారు, మమ్మల్ని కూర్చోబెట్టి ఏం చేస్తారు?" అని కుటుంబ కౌన్సెలర్‌నైన నన్ను అడిగారు.

అడగాల్సిన ప్రశ్నే అమ్మా. మన దేశంలో కుటుంబ కౌన్సెలర్లకంటూ విడిగా లైసెన్సు లేదు. క్లినికల్ సైకాలజిస్టులకైతే రిహాబిలిటేషన్ కౌన్సిల్ అనే కేంద్ర సంస్థలో రిజిస్ట్రేషన్ ఉంటుంది. ఎవరి దగ్గరికి వెళ్లినా చదువు, శిక్షణ గురించి మొహమాటం లేకుండా అడగండి. నేను సోషల్ వర్క్ చదివి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో ఎంఫిల్ చేశాను.

అయితే నన్ను ఈ పనిలోకి తెచ్చింది మా ఇల్లే. నా చిన్నప్పుడు పొలం విషయంలో మా నాన్న, నాయనమ్మ మాట్లాడుకోవడం మానేశారు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. "అన్నానికి రమ్మను మీ నాన్నని." "ఆకలి లేదని చెప్పు." ఆ మాటలన్నీ వంటింటికీ వసారాకీ మధ్య మోసింది నేను. బడికి వెళ్లే పొద్దున కడుపునొప్పి వచ్చేది. ఇద్దరి మధ్య టెన్షన్ పెరిగితే మూడో మనిషిని లాక్కుంటారని అమెరికా సైకియాట్రిస్టు ముర్రే బోవెన్ చెప్పిన సంగతి చదివినప్పుడు నాకు మా వసారా కళ్ల ముందు కదిలింది.

మీ ఇంట్లో ఆ మూడో మనిషి మీ అత్తగారు. ఆమె మధ్యలో దూరుతోందని మీ బాధ. మీ ఉత్తరం చదివితే ఆమె కూడా మోయలేక మోస్తోందని నాకు అనిపించింది.

పెద్దమనుషులు కూర్చుంటే తప్పెవరిదో తేలుస్తారు. నేను తేల్చను. మొదటి రోజు ఒక కాగితం మీద మూడు తరాల బొమ్మ గీస్తాను, మగవాళ్లకి చదరం, ఆడవాళ్లకి సున్న. ఎవరు ఎవరితో మాట్లాడతారో, ఎక్కడ మాట తెగిందో గీతల్లో కనిపిస్తుంది. తర్వాత మీ ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోమంటాను. "ఆమెకి చెప్పినా అర్థం కాదండీ" అని ఆయన నాతో అంటే, ఆ మాట మీతోనే అనమంటాను. ఒక్కోసారి చాలాసేపు ఎవరూ నోరు విప్పరు. ఆ మౌనంలో నేను తొందరపడను. గుట్టు సంగతి ఆయనకి చెప్పండి: ప్రాణం మీదికి వస్తే తప్ప అక్కడి మాట బయటికి పోదు.

ఆయన చెయ్యి చేసుకుంటున్నట్టయితే మాత్రం ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టను. మీరొక్కరే రండి, లేదా మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. అప్పుల బాధలో చచ్చిపోతానని ఒక్కసారి అన్నా తేలిగ్గా తీసుకోకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఆయన రానంటే మీతోనే మొదలుపెడదాం. ఈసారి అత్తగారు అప్పు కబురు తెస్తే "ఆయన్నే అడుగుతానులే అత్తయ్యా" అనండి, విసుగు లేకుండా. సాయంత్రం గుంట కట్ట మీదికి టీ తీసుకుని వెళ్లండి. లెక్కలు అడగకండి. రాత్రి గుంట నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల కాపలాలో నిద్ర పట్టిందా అని అడగండి. ఆయన జవాబు చెప్పకపోయినా, టీ అయ్యేదాకా పక్కన కూర్చోండి.