చిప్ షేర్ల కోసం ఇంటి మీద అప్పా?

ప్రశ్న: నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటున్నాం. నాది హెచ్‌1బీ, మా ఆవిడకు ఉద్యోగం లేదు, ఇద్దరు పిల్లలు. నెల ఖర్చు 5,500 డాలర్లు, సేవింగ్స్‌లో 6 వేలున్నాయి. ఇంటి మీద 40 వేల డాలర్ల హెలాక్ (ఇల్లు హామీగా పెట్టి, కావాల్సినప్పుడు తీసుకునే అప్పు) శాంక్షన్ అయింది. దాంతో ఎలక్ట్రిక్ కార్లలో వాడే సిలికాన్ కార్బైడ్ చిప్‌లు మాత్రమే చేసే చిన్న కంపెనీ షేర్లు కొందామనుకుంటున్నాను. పెద్ద కంపెనీలు ఇందులో పోటీకి రావు కదా?

జవాబు: రావని మీకెవరు చెప్పారండీ? ఎప్పుడో వచ్చేశాయి. జర్మనీ చిప్ కంపెనీ ఇన్ఫినియన్ 2024లో మలేషియాలోని కులిమ్‌లో ఈ చిప్‌ల కోసమే ఫ్యాబ్ (చిప్ ఫ్యాక్టరీ) తెరిచింది. ఎస్‌టీ మైక్రో, ఆన్‌సెమీ అంతకుముందే ఉన్నాయి, చైనా వాళ్లు వేఫర్ల (చిప్‌లు చేసే పలుచని పలకల) ధర పడగొట్టేశారు. పెద్దవాళ్లకు ఒక సరుకులో నష్టమొచ్చినా మిగతావాటితో నెట్టుకొస్తారు, మరి ఒకే సరుకు నమ్ముకున్నవాడి సంగతేంటి?

మీకు దగ్గర్లోనే, డర్హమ్‌లో వుల్ఫ్‌స్పీడ్ అనే చిప్ కంపెనీ ఉంది కదా. ఎల్ఈడీ వ్యాపారం అమ్మేసి, ఆర్ఎఫ్ (రేడియో చిప్‌ల) వ్యాపారం కూడా అమ్మేసి, సిలికాన్ కార్బైడ్ ఒక్కదాని మీదే వందల కోట్ల డాలర్ల అప్పుతో ఫ్యాబ్‌లు కట్టింది. ఎలక్ట్రిక్ కార్ల గిరాకీ అనుకున్నంత రాలేదు. 2021లో 140 డాలర్లు దాకా పోయిన షేరు 2025 జూన్‌కి డాలరు లోపుకి పడిపోయింది, కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. కోర్టు నుంచి బయటపడ్డాక పాత షేర్లు వెయ్యి ఉన్నవాళ్ల చేతికొచ్చిన కొత్త షేర్లు ఎనిమిది. మంచి టెక్నాలజీ ఉన్న కంపెనీకే ఇలా జరిగింది.

నాకు అంతకన్నా టెన్షన్ మీ 6 వేల గురించే. రేపు లేఆఫ్ అయితే అది నెల రోజులకు సరిపోతుంది, అంతే. మీకు వీసా గడువేమో 60 రోజులు, ఆలోపు కొత్త ఉద్యోగం దొరక్కపోతే, వేరే వీసాకు దరఖాస్తూ పెట్టకపోతే దేశం వదలాలి, కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్ పోతే కోబ్రా (ఉద్యోగం పోయాక అదే ఇన్సూరెన్స్ కొనసాగించే ఏర్పాటు) ప్రీమియం మొత్తం మీ జేబులోంచే కట్టాలి, హెలాక్ వాయిదా మాత్రం ఆగదు, షేర్లు ఆ సమయానికి సగానికి పడి ఉంటే ఇల్లు తొందరపడి వచ్చిన రేటుకి అమ్ముకోవాలి. పిల్లల చదువు మధ్యలో ఉండగా ఇదంతా ఎందుకు తెచ్చుకోవడం?

హెలాక్‌లో ఒక్క డాలరు కూడా డ్రా చేయకండి. ఆరు నెలల ఖర్చు, అంటే 33 వేలు, ముట్టుకోని సేవింగ్స్‌లో చేరేదాకా షేర్ల ఊసే వద్దు. ఈ నెల జీతం పడిన రోజే వెయ్యి పక్కకు తీయండి, బోనస్ వస్తే అదీ అందులోకే. టర్మ్ పాలసీ లేకపోతే ఈ వారమే తీసుకోండి. చిప్‌ల మీద అంత ఇష్టముంటే 401కే రిటైర్మెంట్ ఖాతాలోని ఇండెక్స్ ఫండ్‌లో ఇప్పటికే పెద్ద చిప్ కంపెనీలు ఉన్నాయి.